బొల్లిపెట్టకు కోపం వచ్చింది

అనగనగా ఒక పెరడు. ఆ పెరట్లో మునగచెట్టు కింద నాలుగు కోళ్లు ఉండేవి. వాటిని పెంచే ఆవిడ పేరు పైడితల్లి.

పొద్దున్నే ఆవిడ మూకుడు నిండా నూకలు పోసేది. ముందు అన్నిటికన్నా పెద్దపెట్ట డేగమ్మ తినాలి. తర్వాత నల్లపెట్ట, ఆ తర్వాత మైలపెట్ట. అందరూ తిన్నాకే బొల్లి. ముందుగా వస్తే మూడూ కలిసి దాని నెత్తిమీద పొడిచేవి. రెండేళ్లుగా బొల్లి నెత్తిన ఈక మొలవలేదు.

ఒకరోజు పైడితల్లి సంతనుంచి మూడు పెట్టపిల్లలను గంపలో తెచ్చి పెరట్లో వదిలింది.

డేగమ్మ బొల్లిని పక్కకు పిలిచింది.

"ఇక నువ్వు ఆఖరుదానివి కాదే. వాటిని నీ వెనక నిలబెట్టు. మీదికొస్తే పొడువు," అంది.

బొల్లికి ఆ మాట తియ్యగానే ఉంది. మొదటిరోజు మూకుడు దగ్గర పిల్లలను పొడిచింది. రెండోరోజు నీళ్ల చిప్ప దగ్గర పొడిచింది. మూడోరోజు అన్నిటికన్నా చిన్నపిల్ల తూలుకుంటూ వచ్చింది. మూకుడు బయట ఒకే ఒక్క గింజ పడి ఉంది. బొల్లి ముక్కు ఎత్తింది. పిల్ల పారిపోలేదు. తల వంచి నిలబడింది.

"పెద్దమ్మా, తొందరగా పొడిచెయ్యి. తర్వాత ఈ గింజ తింటాను," అంది.

దాని నెత్తిన ఈకలు లేవు. పచ్చిపుండు ఉంది. ఆ పుండు చేసింది తన ముక్కే. బొల్లికి ఒళ్లు మండిపోయింది. డేగమ్మ మీద కోపం. అంతకన్నా ఎక్కువ తన మీదే కోపం.

తిన్నగా మూకుడు దగ్గరకు నడిచింది.

"డేగమ్మా, జరుగు. పిల్లలు తినాలి."

"పెద్దవాళ్లు తిన్నాకే. ఇక్కడి పద్ధతి అది."

"ఏం పద్ధతి? మూకుడు నిండా నూకలున్నాయి. ఏడుగురం తిన్నా మిగులుతాయి. మూడు రోజులుగా ఈ పసిదాని కడుపులో గింజ లేదు. ఇది పద్ధతి కాదు, నీ పొగరు. రెండేళ్లు నోరు మూసుకోవడం నా తప్పు. ఇక మూసుకోను."

డేగమ్మ ఎగిరి పొడిచింది. బొల్లి నెత్తి చిరిగి నెత్తురు కారింది. అయినా అది కదల్లేదు. దాని వెనక పిల్లలు గబగబా తింటున్నాయి.

"చూస్తారేం? మీరూ పొడవండి," అని డేగమ్మ మిగతా రెండింటినీ గద్దించింది.

నల్లపెట్ట అడుగు ముందుకేసి ఆగిపోయింది. "నన్నూ ఇలాగే పొడిచేదానివి," అని బొల్లి పక్కన చేరి తినసాగింది. మైలపెట్ట కూడా వచ్చింది.

డేగమ్మ దూరంగా బట్టలుతికే బండ దగ్గరకు పోయి నిలబడింది.

కడుపు నిండిన ఒక పిల్ల అంది, "పెద్దమ్మా, ఇకనుంచి ఆమెను ఆఖర్న నిలబెడదాం. నేను పొడుస్తాను."

బొల్లి దానిమీద కూడా మండిపడింది. "ఆఖరు అనే చోటే వద్దని నేను దెబ్బలు తిన్నాను. నువ్వు అందులో ఇంకొకరిని నిలబెడతావా?"

తర్వాత డేగమ్మ దగ్గరకు వెళ్లింది.

"నా కోపం తగ్గలేదు. అయినా రా, తిను," అంది.

నీతి: మనం పడ్డ బాధను ఇంకొకరి మీదకు తోసెయ్యడం న్యాయం కాదు, అది ఎవరికీ రాకుండా ఆపడమే న్యాయం.