సుంకులవ్వ బొటనవేలు

కొండలు ఇంకా గుట్టలుగా ఉన్న రోజుల్లో, గుండ్లమిట్ట అనే ఊళ్ళో సుంకులవ్వ అనే మంత్రసాని ఉండేది. ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా ఆమె పోవాల్సిందే. బిడ్డకు బొడ్డు కోసి, నీళ్ళు పోసి, నేరుగా చావడికి నడిచేది. బిడ్డ పుట్టిన సంగతి మంత్రసానే కరణానికి చెప్పాలి. చెప్పి, పుస్తకంలో వేలిముద్ర వెయ్యాలి. అది ఆ ఊరి కట్టుబాటు.

అవ్వ పోయింది. ఏళ్ళు గడిచాయి. చావడి ముందు బండ నిలబెట్టి, పోయిన పెద్దల పేర్లు చెక్కించాలని ఊరు అనుకుంది. కరణం వెంకోబరావు ఒకటే మాటన్నాడు. "పుస్తకంలో పేరుంటేనే బండమీద పేరు."

ఆ మాట ఏడూళ్ళ అవతల కాపురముంటున్న అవ్వ మనవరాలు ఈరమ్మ చెవిన పడింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. ఆ పిల్లలు అవ్వనూ చూడలేదు, అవ్వ ఊరూ చూడలేదు. 'మా ముత్తవ్వ ఎవరని రేపు వీళ్ళడిగితే ఏం చూపించేది?' ఆ బెంగ ఆమెను కూచోనివ్వలేదు. కొంగు బిగించి నడిచొచ్చింది.

"మా అవ్వ పేరు చూడు సామీ."

కరణం భూముల పుస్తకం తిప్పాడు. "సెంటు భూమి లేదు. పేరు లేదు పో."

"ఇంకోటి చూడు సామీ."

ఇళ్ళ పుస్తకం తిప్పాడు. "ఇల్లు మొగుడి పేరుతో ఉంది. పేరు లేదు పో."

"ఇంకోటి చూడు సామీ."

పుట్టుకల పుస్తకం తిప్పాడు. "కోడలుగా వచ్చిన మనిషి. ఇక్కడ పుట్టలేదు. పేరు లేదు పో."

ఈరమ్మకు చదువు రాదు. అయినా వంగి చూసింది. ప్రతి పేరు పక్కనా నల్లటి వేలిముద్ర. ప్రతి ముద్రకూ అడ్డంగా తెల్లటి గీత. కొడవలికి తెగిన గాటు అది. ఆ వేలు తన నోట్లో ముద్దలు పెట్టిన వేలు.

"ఈ వేలు ఎవరిది సామీ?"

"మంత్రసానిది."

"మంత్రసానికి పేరు లేదా?"

"అప్పుడు కరణం మా నాయన. ఆయన అడగలేదు. రాయలేదు."

ఈరమ్మ ఒళ్ళు మండిపోయింది. "మీ ఎద్దులకు పేర్లున్నాయి. మీ బావులకు పేర్లున్నాయి. మిమ్మల్నందరినీ నేలమీదికి దించిన మనిషిని పేరడగడానికి నోరు రాలేదా? నీ పేరెక్కడుందో తియ్యి!"

కరణం తీశాడు. అతని పేరు పక్కనా అదే వేలు, అదే గాటు.

"పేరు లేదు కాబట్టి ఆ మనిషి ఊళ్ళో లేదంటే, నువ్వూ పుట్టలేదు. కొట్టెయ్, నీ పేరూ కొట్టెయ్!"

చావడి అరుగు మీద కూచున్న ఓ ముసలామె పకపకా నవ్వింది. "ఓయమ్మా, ఇన్నాళ్ళూ పుట్టనోడికా మనం దణ్ణాలు పెట్టింది!"

కరణం తల దించుకొని కలం ముంచాడు. వేలిముద్ర ఉన్నచోటల్లా అవ్వ పేరు రాశాడు. మూడు రోజులు పట్టింది. ఈరమ్మ మూడు రోజులూ కదల్లేదు.

బండమీద మొదటి పేరు సుంకులవ్వది. పేరు పైన గాటున్న బొటనవేలు.

ఇప్పటికీ గుండ్లమిట్టలో ఎవరి బిడ్డవని ఎవరినీ అడగరు. పుట్టగానే ఎవరి చేతుల్లో పడ్డావని అడుగుతారు. తెలియదంటే, పోయి ఆ పేరు కనుక్కొని రమ్మని వెనక్కి పంపుతారు.