జ్వాలాతోరణం కింద ముందెవరు?

కంకిపురం రాజు చెన్నభూపాలుడికి పండగ పూట ఊరికే కూర్చోవడం చేతకాదు. కార్తీక పౌర్ణమి పొద్దున్నే కొలువులో కొత్త పేచీ పెట్టాడు.

"సాయంత్రం జ్వాలాతోరణం కింద, స్వామి పల్లకీ వెనకాల ముందు ఎవరు నడవాలి? ఆ తోరణం ఎలా పుట్టిందో ఎవరు బాగా చెబితే, ఇకమీదట ముందు వరస వాళ్ళ వంశానిదే!"

వింజామర వీస్తున్న కోనమ్మ చెయ్యి ఆగిపోయింది. గుడి ముందు రెండు గుంజలు పాతి, అడ్డకర్ర కట్టి, కొత్త గడ్డి చుట్టి అంటించేది ఏటేటా పశువుల కాపరులైన కోనమ్మ వంశంవాళ్ళే. పల్లకీ వెనకాల ముందు దూరేదీ వాళ్ళే. కాలగా మిగిలిన గడ్డి పీక్కుపోయి మేతలో కలిపితే పశువులకు తెగులు రాదని వాళ్ళ నమ్మకం. వెనక వరసలో పడితే ఇక మిగిలేది బూడిదే! గడ్డిమోపుతో వచ్చిన ఆమె తండ్రి బయ్యన్న ద్వారం దగ్గరే దిగాలుగా నిలబడ్డాడు.

సేనాధిపతి రణధీరప్ప మీసం మెలేస్తూ లేచాడు. ఆ మీసానికి పట్టించే నెయ్యితో ఒక ఇంటిల్లిపాదీ పప్పన్నం తినొచ్చు.

"శివుడు హాలాహలం మింగినప్పుడు పార్వతమ్మ హడలిపోయింది ప్రభూ! నా స్వామి క్షేమంగా ఉంటే ఇద్దరం మంటల తోరణం కింద నడుస్తామని మొక్కుకుంది. ఆ తోరణాన్ని భూమ్మీద మొట్టమొదట కట్టింది మా ముత్తాతే!"

"ఆహా! మీ ముత్తాతే!" రాజు తొడ చరిచాడు. "ఇంకేం, ముందు వరస..."

"ఒక్క సందేహం ప్రభూ," అంటూ కోనమ్మ అడ్డుపడింది. "సేనాధిపతిగారూ, మంట కింద దూరితే ఏమవుతుందండీ?"

"ఆమాత్రం తెలీదూ? చేసిన పాపాలన్నీ కాలిపోతాయి."

"మరి తమరికెన్ని పాపాలున్నాయి?"

"నాకా?" రణధీరప్ప ఛాతీ విరుచుకున్నాడు. "ఒక్కటంటే ఒక్కటీ లేదు!"

"అయితే తమకు మంటతో ఏం పని బాబూ? పక్కకు జరగండి, పాపులం మేం వెళ్ళాలి!"

కొలువు గొల్లుమంది.

"నిజమే సుమా! ఎక్కువ పాపమున్నవాళ్ళే ముందు!" అన్నాడు రాజు.

అంతే, తోపులాట మొదలైంది.

"నేను రుచి చూసే వంకతో రాజుగారి పులిహోర సగం మింగేస్తున్నాను!" అని అరిచాడు వంటపెద్ద.

"నేను ఏ రోగానికైనా ఒకటే కషాయం పోస్తున్నాను!" అన్నాడు వైద్యుడు.

"చెప్పు నాన్నా, నువ్వూ చెప్పు!" కోనమ్మ తొందరపెట్టింది.

బయ్యన్న తల గోక్కున్నాడు. "తాతల నాటినుంచీ పాలల్లో నీళ్ళు కలుపుతున్నాం దొరా."

"మా కోటకు పోసే పాలల్లో కూడానా?"

"కోటకే ఎక్కువ దొరా. ఇక్కడ చిక్కదనం చూసేవాళ్ళు లేరు."

రాజు నవ్వలేక సింహాసనం మీద ఒరిగిపోయాడు. వరస చేజారిపోతోందని రణధీరప్పకు చెమటలు పట్టాయి.

"ఆగండాగండి! నాకూ ఉంది పాపం! ముత్తాత మాట ఇప్పుడే కల్పించాను ప్రభూ! ఆయన చలి కాచుకోవడానికి తప్ప మంట దగ్గరికి పోయినవాడే కాదు!"

"ఓరి నీ! అది ఇవాళ్టి పాపమేనయ్యా, వాళ్ళది తాతల నాటిది! ముందు వరస ఎప్పటికీ బయ్యన్న వాళ్ళదే. నువ్వు చిట్టచివర, బూడిద దగ్గర!"

నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్ళు తుడుచుకుంటూ రాజు తన ముత్యాలహారం తీసి కోనమ్మ చేతిలో పెట్టాడు.