సుంకమ్మ అడిగిన మూడు రోజులు

అనగా అనగా పట్టుపురుగులు పెంచే ఊరొకటి. ఆ ఊళ్ళో కదిరప్ప అని ఒకాయన, ఆయనకో కోడలు సుంకమ్మ. ఇంట్లో ఎనిమిది తట్టల నిండా పురుగులే. అవి ఆకు మేస్తుంటే వాన కురిసినట్టే, సరసరా సరసరా. ఊ కొడుతున్నారా?

ఒకనాడు పొద్దున్నే ఆ చప్పుడు ఆగిపోయింది. సుంకమ్మ వెళ్ళి చూస్తే పురుగులు తలెత్తవు, ఆకు ముట్టవు, పాకవు. పక్క చేలో మిరపకు కొట్టిన మందు గాలికొచ్చి వీళ్ళ మల్బరీ మీద పడిందట. ఆ ఆకే కోసుకొచ్చి వేసింది. తన చేత్తోనే వేశానే అనుకుంటూ, మందు వాసన కొడుతున్న ఆ ఆకంతా తీసి పారేసింది.

కదిరప్ప వచ్చి చూశాడు. రోగమే అయితే ఊరంతా పాకుతుంది, గుంట తీసి అన్నీ పూడ్చెయ్యమన్నాడు.

"రోగం కాదు మామా, విషం. మూడు రోజులియ్యి."

"చచ్చినవాటికి మూడు రోజులెందుకే?"

"చావలేదు. ఈకతో తాకితే కదులుతున్నాయి."

ఆయన గొణుక్కుంటూ పోయాడు. ఆమె ఈకతో ఒక్కో పురుగునే కడిగిన తట్టల్లోకి మార్చింది. కొండవైపు తోటకెళ్ళి మంచి ఆకు తెచ్చింది. మొదటి రోజు ఏమీ లేదు, నల్లబడ్డవి ఏరి పారేసింది. రెండో రోజూ ఏమీ లేదు, మళ్ళీ ఏరింది.

ఆ రెండు రోజులూ లోపల ఏం జరిగిందో మీ పిన్ని చెప్పింది, పురుగుల మీదే చదువుతోందిగా. వాటి ఒంట్లో కంటికి కనబడని కణాలు, ఆ కణాల్లో తిండిని శక్తిగా మార్చే మైటోకాండ్రియాలు ఉంటాయట. విషం వాటినే పట్టుకుంది. కణం ఊరుకుందా? పెరగడం ఆపి, ఉన్న కాస్త శక్తినీ ప్రాణానికి దాచుకుంది. కొంచెం చెడినవాటిని బాగుచేసింది, బాగా చెడినవాటిని చుట్టి అరిగించుకుంది, కొత్తవాటిని పుట్టించుకుంది. మరీ పాడైన కణాలు తమంతట తామే చచ్చిపోయాయి. ఇదంతా సుంకమ్మకేం తెలుసు? ఆమె ఆకు మారుస్తూ కూర్చుంది, అంతే.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పురుగు ఆకు అంచు కొరికింది. దాని పక్కది కొరికింది. దాని పక్కదీ కొరికింది. సుంకమ్మ మామను కేకేసింది. ఆయన వచ్చి తట్ట పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు విన్నాడు.

"ఆకు సరిపోతుందా, ఇంకాస్త కోసుకురానా?" అన్నాడు.

మూడు తట్టలవి పోయాయి, ఐదు తట్టలవి బతికాయి. నాలుగు రోజులు ఆలస్యంగా గూళ్ళు కట్టాయి. మిరప చేనాయన వచ్చి తప్పయిందన్నాడు. ఆ పైన మందు కొట్టేముందు పక్కవాళ్ళకు చెప్పడం ఆ ఊళ్ళో అలవాటైంది. మీరూ అంతే, ఏం చేసినా పక్కనెవరున్నారో చూసి చెయ్యండి.

కథేమో కంచి దారి పట్టింది. మీరు దుప్పట్లోకి దూరండి.