పగడాల దిబ్బ కింద తెల్లటి ఇసుక

ఒకప్పుడు సముద్రంలో పగడాల దిబ్బ కింద ఇసుకన్నదే ఉండేది కాదు. అంతా బోడి రాయి. పడుకుంటే వీపు నొప్పి, తవ్వబోతే కాళ్ళ నొప్పి!

ఆ దిబ్బ దగ్గర చిటికమ్మ అనే రొయ్య ఉండేది. దానికి పీతకున్నట్టు ఓ పెద్ద డెక్క. కోపమొస్తే దాంతో టప్పుమని చిటికె వేసేది. చూపు మాత్రం అంతంత మాత్రం. ఏదైనా మీసాలతో తడిమి తెలుసుకోవాల్సిందే.

చిటికమ్మ పొట్ట కింద గుడ్లున్నాయి. దానికి ఒకటే దిగులు. దాక్కోడానికి బొరియ లేకపోతే దిబ్బ చుట్టూ తిరిగే పెద్దనోటి బొంత చేప తననీ పిల్లల్నీ కలిపి గుటుక్కున మింగేస్తుంది.

"పగడమ్మక్కా, నీ కింద కాస్త మెత్తటి నేల పరుచుకోనా?" అని దిబ్బ మీద పెరిగే పగడాన్ని అడిగింది.

"పరుచుకో తల్లీ. కానీ నాకు ఊపిరాడాలి, వెలుతురు తగలాలి" అంది పగడమ్మ.

చిటికమ్మ వెళ్ళి ఏటిని బతిమాలింది. ఏరు ఒండ్రుమట్టి తెచ్చి గుమ్మరించింది. ఆహా, వెన్నలా ఉంది! చిటికమ్మ సంబరంగా తవ్వేసింది. అంతలో ఒక్క అల వచ్చిందో లేదో, మట్టంతా లేచి నీళ్ళు బురదైపోయాయి.

"చిటికీ! ఊపిరాడక చచ్చిపోతున్నానే!" అని పగడమ్మ అరిచింది.

చిటికమ్మ కాళ్ళా వేళ్ళా పడితే సముద్రం పోటెత్తి మట్టినంతా ఊడ్చుకుపోయింది.

తర్వాత గులకరాళ్ళు దొర్లుకుంటూ వచ్చాయి. "మేం లేవం, కదలం, దిగులు పడకు" అన్నాయి. నిజమే, కదల్లేదు. చిటికమ్మ తవ్వినా కదల్లేదు! పైగా అందరూ తిని పారేసిన ఎంగిలంతా వాటి సందుల్లో పడి కుళ్ళి, ఒకటే కంపు. ముక్కు మూసుకుందామంటే చేపలకి చేతులు కూడా లేవాయె, పాపం. రాళ్ళని కూడా పొమ్మన్నారు.

ఇటు చూస్తే గుడ్లలో పిల్లల కళ్ళు నల్లగా మెరుస్తున్నాయి. బొంత చేప పొద్దస్తమానం అక్కడే తిరుగుతోంది.

అప్పుడే దిబ్బ అవతల గొడవ.

"ఛీ, ముట్టుకోకు! అవి మా నాయనమ్మ కొమ్మలు!" అని పగడమ్మ కేకలేస్తోంది.

ఎప్పుడో చనిపోయిన నాయనమ్మ కొమ్మలవి. తెల్లబడి, అలాగే నిలబడి ఉన్నాయి. పగడమ్మ రోజూ వాటిని చూసుకుని మురిసిపోయేది. చిలకముక్కు లాంటి పళ్ళున్న చిలకచేప వాటి మీది నాచు తిందామని వచ్చి, కొమ్మ కొసని కూడా కటుక్కున కొరికేసింది.

కేకలకి బెదిరి పారిపోతూ, చిలకచేప తోక కింద నుంచి తెల్లటి పొడి సర్రున జార్చేసింది. చేపలన్నీ పడీపడీ నవ్వాయి. చిలకచేప సిగ్గుతో చితికిపోయింది.

చిటికమ్మ మాత్రం నవ్వలేదు. ఆ పొడి దాని మీసాల మీద పడింది. తడిమింది. మళ్ళీ తడిమింది. మట్టిలా లేవడం లేదు, రాయిలా మొరాయించడం లేదు. తిన్నగా కిందికి దిగి బుద్ధిగా కూర్చుంది.

"ఓ చిలక మావయ్యా! ఎంత గొప్పవాడివయ్యా నువ్వు! ఇంకొంచెం ఉందా?"

చిలకచేప బిత్తరపోయింది. తనని గొప్పవాడని ఎవరైనా అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"కావాలంటే ఆ కొమ్మలన్నీ నమలాలమ్మా" అంది బెరుగ్గా.

చిటికమ్మ పగడమ్మ వైపు మీసాలు తిప్పింది. నాయనమ్మని ఇచ్చెయ్యమని ఎలా అడుగుతుంది?

పగడమ్మ చిటికమ్మ పొట్ట కింద మెరుస్తున్న చిన్నారి కళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

"మా నాయనమ్మకి పిల్లలంటే ప్రాణం" అంది చివరికి. "నములు చిలకా. మెత్తగా నములు."

కటుక్, కటుక్, కటుక్! తెల్లటి ఇసుక పరుచుకుంది. చిటికమ్మ గబగబా తవ్వింది. బొంత చేప నోరు తెరుచుకుని వచ్చేసరికి బొరియలోకి జారుకుని, లోపల్నుంచి టప్పుమని చిటికె వేసింది! ఆ తెల్లటి నేల మీద ఎండ పడి, పగడమ్మ కింది కొమ్మలకి కూడా వెలుతురు తగిలింది. ఎన్నడూ లేని రంగులు వచ్చాయి. అబ్బ, ఎంత అందమో!

అప్పటినుంచే చిలకచేప పగడపు కొమ్మలు నమిలి ఇసుక రాలుస్తోంది, పగడాల దిబ్బ కింద నేల తెల్లగా మెరుస్తోంది. ఎప్పుడైనా ఆ ఇసుక మీద నడిస్తే మెల్లగా అడుగెయ్యండర్రా. అది ఒక నాయనమ్మ పిల్లల కోసం పరిచిన పక్క.