గీత మీద విస్తరి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళన్నీ రాలిపోవాలి. మిగిలినవి రెండే అనుకో, అవీ రాలిపోవాలి.

మా పేర్రాజు మాస్టారికి జనాభా లెక్కల పని పడిన ఏటి సంగతి ఇది. బళ్ళో పాఠాలు చెప్పుకునే మనిషి, ప్రతి గురువారం మా దర్గాకి వచ్చి దస్తగిరి బాబా కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. బాబా శిష్యుల్లో ఆయనంత తిన్నగా గీత గీసేవాడు భూమండలం మీదే లేడు. ఆయన చేతిని చూసి స్కేలు తన వంకర దిద్దుకునేది.

ఆ గురువారం ఓ మ్యాపు తెచ్చి బాబా ముందు పరిచాడు.

"చూడండి బాబా. దేశాన్ని రాష్ట్రాలుగా, రాష్ట్రాన్ని జిల్లాలుగా, జిల్లాని మండలాలుగా, మండలాన్ని ఊళ్ళుగా, ఊరిని బ్లాకులుగా కోశారు. బ్లాకుకి ఒక మాస్టారు. ఇది నాది. తూర్పున రైలుకట్ట, పడమట మురుగుకాలువ. కాలువ అవతల సుగుణమ్మ టీచరుగారిది. ఒక్క గుమ్మం వదల్లేదు నేను."

"మరి మొహం అలా ఉందేం?" అన్నాడు బాబా.

"కాలువ మధ్య దిబ్బ మీద ఓ బాతులవాడున్నాడు. తననీ రాయమని మూడు రోజులుగా ప్రాణం తోడేస్తున్నాడు. దిబ్బ నా బ్లాకులోది కాదు కదా! టీచరుగారిని అడగమన్నాను. ఆవిడేమో నన్ను అడగమందట."

బాతులవాళ్ళు అంతే. కుక్కలూ ముంగిసలూ రాకుండా నీళ్ళ నడుమ దిబ్బ చూసుకుని, అక్కడే తాటాకు పాక వేసుకుంటారు. అతనికి పదివేల బాతులుండేవి. కాలువలో నీళ్ళు కనపడేవి కావు, బాతులే ప్రవహించేవి.

"రాయించుకుని ఏం చేస్తాడట?"

"వాళ్ళావిడ నిరుడు పోయిందట. అది ఏ పుస్తకంలోనూ ఎక్కకుండానే పోయింది, నేనైనా ఎక్కాలి బాబూ, అంటాడు. రేపటితో లెక్క ముగిసిపోతుంది, ఇంకెక్కడ?"

బాబా మ్యాపు వంక కాసేపు చూశాడు. "అన్నం వేళయింది" అని లేచాడు.

పొయ్యిలోంచి ఓ బొగ్గుముక్క తీసుకుని, వసారా పొడుగునా నడిమధ్యగా గీత గీశాడు. మూడు వేలమంది బంతికి కూర్చున్నారు. ఎసట్లో పోసింది పదిశేర్ల బియ్యమే. అది బాబా మహిమ.

"బుల్లెమ్మా, గీతకి ఇవతల నువ్వు వడ్డించు" అన్నాడు నాతో. "మీరాబీ, అవతల నువ్వు. గీత దాటి గరిటె పెట్టొద్దు. పేర్రాజూ, నువ్వు గీత మీద కూర్చో నాయనా."

నేను అన్నం గంపతో వచ్చాను. ఆయన విస్తరి సరిగ్గా గీత మీదుంది.

"మీది అవతలండి మాస్టారూ" అని పక్క ఆకుకి వెళ్ళిపోయాను.

మీరాబీ వచ్చింది. వంగి చూసింది. "ఇవతల కదండీ మీరు!"

"అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు పేర్రాజు.

"అయితే ఆవిణ్ణి అడగండి."

దానికి నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. పప్పు వెళ్ళింది, పులుసు వెళ్ళింది, మజ్జిగ కూడా వెళ్ళిపోయింది. నవ్వుకుంటూనే ఆయన్ని దాటుకుపోయాం. జనం తిని లేచారు. ఆయన చల్లుకున్న నీళ్ళు ఆకు మీదే ఆరిపోయాయి.

బాబా చెయ్యి కడుక్కున్నాడు. ఇటు చూడలేదు.

పేర్రాజు లేచాడు. చెప్పులైనా వేసుకోకుండా కాలువ వైపు పరిగెత్తాడు. ఆయన లేపిన దుమ్ము దిగడానికి నెల పట్టింది.

దిబ్బ ఖాళీగా ఉంది. పాక గుంజలు పీకిన గుంతలున్నాయి, అంతే. బాతుల్ని అవతలి గట్టుకి తోలుకుపోయాడని ఇవతలివాళ్ళన్నారు. ఇవతలికే వచ్చాడు కదా అని అవతలివాళ్ళన్నారు.

పొద్దుగూకే వేళకి మాస్టారు మోకాటిదాకా బురదతో తిరిగొచ్చాడు.

"వెళ్ళిపోయాడు బాబా."

"ఎవరు?"

"అదే, ఆ బాతుల..." అని ఆగిపోయాడు.

"ఎవరు నాయనా?" బాబా మళ్ళీ మెల్లగా అడిగాడు.

పేర్రాజు సంచిలోంచి కాగితాలు తీశాడు. ఊరందరి పేర్లూ ఉన్నాయి అందులో. ఒక్కో కాగితమే తిప్పుతూ కూర్చున్నాడు, ఆ పేరు లేదని తెలిసీ.

నేను గిన్నెలు తోముతూ వింటున్నాను. అంతకుముందు రెండు గురువారాలు ఆ బాతులతను నా వరసలోనే తిన్నాడు. పులుసు మళ్ళీ పోశాను. బాతులు రోజుకెన్ని గుడ్లు పెడతాయని అడిగాను. అంతే అడిగాను.

సరే, నువ్వు రేపు ఆకివీడు బస్సెక్కుతున్నావు కదా? కిటికీ పక్కన కూర్చో. కోసిన చేలల్లో బాతులు కనపడితే దిగిపో, వెనకాల ఇంకో బస్సుంటుంది. ఇన్నేళ్ళకి ఆయనుంటాడా అని నన్నడక్కు. బాతుల వెనక ఎవరుంటే వాళ్ళని ఆపి, ఆ దిబ్బ మీద మనిషి పేరు కనుక్కురా.