బరువు అడిగిన నీటికాకి

అనగనగా, పక్షులకు కూడా మాటలొచ్చిన కాలంలో, ఒక చిత్తడి అడవి ఉండేది. మోకాటిలోతు నీళ్ళలో తుమ్మచెట్లు, చెట్ల నిండా గూడబాతుల గూళ్ళు. గూడబాతును చూసి కొంగ అనుకునేవాళ్ళు చాలామంది. కాదు. కొంగకు ముక్కు మాత్రమే ఉంటుంది, గూడబాతుకు ముక్కు కింద సంచి కూడా ఉంటుంది. తల్లి నోరు తెరిస్తే పిల్ల ఆ సంచిలోకి తల దూర్చి తింటుంది. అదే దాని కంచం.

ఆ ఏడు వానలు లేవు. దగ్గరి చెరువు ఎండి నెర్రెలిచ్చింది. గూళ్ళలో పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి. గుంపుకు పెద్ద దీర్ఘతుండి అనే గూడబాతు. దాని చిన్నపిల్ల అప్పటికే అరవడం మానేసింది.

"దూరం పోయి వేటాడాలి. దారి చూపేవాళ్ళు కావాలి," అని దీర్ఘతుండి చాటించింది.

ముగ్గురు వచ్చారు.

"నేను చూపే చోట చేపలు కుప్పలమ్మా! నీళ్ళలో దిగే పని కూడా లేదు," అంది గద్ద.

లకుముకి పిట్ట ముక్కున కరిచి తెచ్చిన చేపను వాళ్ళ ముందు పడేసింది. ఇంకా కొట్టుకుంటోంది చేప. "నాకు గొప్పలు చెప్పడం రాదు. నా గుంటలో ఇవి కిటకిటలాడుతున్నాయి," అంది. రంగురంగుల పిట్ట, దాన్ని చూస్తుంటేనే నమ్మబుద్ధేస్తుంది.

మూడోది నీటికాకి. పేరులో కాకి ఉందిగాని కాకితో దానికి చుట్టరికం లేదు. నీళ్ళలో మునిగి చేపలు పట్టే నల్ల పక్షి. తడి రెక్కలు ఆరబెట్టుకుంటూ అడిగింది: "కడుపు నిండాక పైకి లేవాలంటే మీకు ఎంత పొడుగు నీళ్ళు కావాలమ్మా? మీ బరువెంత?"

ఒక కుర్ర గూడబాతు పకపకా నవ్వింది. "చేపల సంగతి చెప్పవయ్యా అంటే బరువు అడుగుతావేం? పెళ్ళిచూపులకొచ్చావా?"

"చేపలున్నాయా, లేవా?" అంది దీర్ఘతుండి విసుగ్గా.

"ఉన్నాయి. మరీ ఎక్కువేం కాదు."

ఆ మాటతో అందరూ మొహం తిప్పేసుకున్నారు.

మొదట గద్ద వెంట వెళ్ళారు. సముద్రపు ఒడ్డున ఇసుక మీద జాలరులు ఆరబోసిన చేపలు! గద్ద రివ్వున దిగి, ఒకటి తన్నుకుపోయింది. గూడబాతులు దబ్బున దిగి అడుగు వేసేలోగా జాలరి ఆడవాళ్ళు కర్రలతో పరుగెత్తుకొచ్చారు. బతుకుజీవుడా అని పారిపోయారు.

"నేను అబద్ధం చెప్పానా? కుప్పలున్నాయా, లేవా?" అంది గద్ద పైనుంచి.

నిజమే, అది అబద్ధం చెప్పలేదు.

మర్నాడు లకుముకి వెంట వెళ్ళారు. చుట్టూ తాటిచెట్లు, మధ్యలో చిన్న గుంట. చేపలు కిటకిటలాడుతూనే ఉన్నాయి. అందరూ మెడదాకా మింగారు. లేవబోతే తెలిసింది. గూడబాతు నిలుచున్నచోటు నుంచి ఎగరలేదు. నీళ్ళ మీద పరుగెత్తి పరుగెత్తి లేవాలి. రెండంగలు వేసేసరికి గట్టు అడ్డం వచ్చేస్తోంది. లకుముకి కొమ్మ మీంచి ఎగిరి చూపించింది. "ఇలాగండీ, ఇంతే! ఏముంది ఇందులో?"

పొద్దు వాలుతోంది. పిల్లలు ఒంటరిగా ఉన్నాయి. దీర్ఘతుండి అంది: "కక్కేయండి."

మింగిన చేపలన్నీ మళ్ళీ ఆ గుంటలోనే పడ్డాయి. ఖాళీ కడుపులతో ఎలాగో చెట్లు దాటారు. ఇంట్లో పిల్లలు సంచుల్లో తలలు దూర్చి వెతికాయి. ఏమీ లేదు.

తెల్లవారగానే దీర్ఘతుండి నీటికాకి దగ్గరకు వెళ్ళింది. "నాయనా, నువ్వడిగినదానికి జవాబు నిన్న తెలిసింది. మాకు చాలా పొడుగు నీళ్ళు కావాలి. ఎదురుగాలి కూడా."

"రెక్కలు తడిస్తే నాకూ బరువు తిప్పలేనమ్మా, అందుకే అడిగాను. పదండి," అంది నీటికాకి.

అది వాళ్ళను ఒక పొడవాటి ఉప్పుటేటికి తీసుకెళ్ళింది. చేపలు పలచగానే ఉన్నాయి. గూడబాతులు వరస కట్టి, వాటిని లోతు తక్కువ నీళ్ళలోకి తరిమి పట్టుకోవలసి వచ్చింది. సంచులు ఓ మాదిరిగా నిండాయో లేదో, "ఇక చాలు, లేవండి. గాలి తగ్గుతోంది," అంది నీటికాకి.

"ఇంకొక్కటి!" అంది కుర్రది.

"నువ్వు మింగింది కాదు బాబూ, ఇల్లు చేరిందే లెక్క."

"లే!" అంది దీర్ఘతుండి. కుర్రది నోరు మూసుకుని పరుగందుకుంది. గాలికి ఎదురుగా, నీళ్ళు చిమ్ముకుంటూ, ఒక్కొక్కటీ పైకి లేచాయి.

గూట్లో చిన్నపిల్ల కదలలేదు. దీర్ఘతుండి ముక్కుతో మెల్లిగా తట్టి, నోరు తెరుచుకుని నిలబడింది. చాలాసేపు నిలబడింది. చివరికి పిల్ల మెడ ఎత్తి, తల సంచిలోకి దూర్చింది.

కనక పిల్లలూ, అక్కడ ఎంత దొరుకుతుందో చెప్పేవాణ్ణి కాదు, మన శక్తి ఎంతో అడిగి, మళ్ళీ ఇల్లు చేరేదాకా ఆలోచించేవాణ్ణే దారి చూపమని అడగాలి.