మైకులో నరహరి గారి పేరు

పరదేశయ్య గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. కాసేపు కళ్లు మూసుకుని, ఎవరో ఒకరి సంగతి ఎత్తుకునేవారు. "ఏళ్ల తరబడి సంపాదించుకున్న మంచిపేరును కాపాడుకోవడం ఎలాగండీ?" అని శిష్యుడు చలమయ్య అడిగిన రోజున, మందుల షాపు నరహరి గారి సంగతి చెప్పారు.

నరహరి గారి చేతి మందంటే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ గురి. డాక్టరు రాసిన చీటీ కూడా ఆయనకు ఒకసారి చూపించుకుని పోయేవారు. ఒక సంతరోజు షాపు కిటకిటలాడుతోంది. చంటిపిల్లకు కళ్లు ఎర్రబడి పుసి కడుతున్నాయని ఒక తల్లి చుక్కలమందు తీసుకుని వెళ్లింది. ఆ వెనకే ఇంకొకాయన చెవిపోటుకు మందు అడిగాడు. తీసివ్వబోయి చూస్తే, కంటిచుక్కల సీసా బల్లమీదే ఉంది. చెవిలో వేసేది ఆ తల్లి పట్టుకుపోయింది.

నరహరి గారికి ఆమెది ఏ ఊరో, ఎటు పోయిందో తెలియదు. చెప్పులైనా తొడుక్కోకుండా వీధిలోకి పరుగెత్తి, ఎరువుల ప్రచారానికి తిరుగుతున్న మైకు ఆటోను ఆపారు. వెంట వచ్చిన తమ్ముడు మెల్లగా అన్నాడు: "నీ పేరెందుకన్నయ్యా? ఊళ్లో ఇన్ని మందుల షాపులున్నాయి, ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? కంటిమందు వేయొద్దని చెప్పిస్తే చాలదూ?"

"ఎవరన్నారో తెలియని మాటకు ఎవరాగుతార్రా," అని నరహరి గారు మైకు అందుకున్నారు. "నేను మందుల నరహరిని. ఇందాక చంటిపిల్లకు కంటిమందు తీసుకెళ్లిన తల్లీ, పొరపాటు నాది. నీకిచ్చింది చెవిమందు. కంట్లో వేయకమ్మా." సంతంతా తిరుగుతూ ఆ మాటే చెప్పారు.

పశువుల సంత పక్కన పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆ తల్లి అప్పటికే సీసా మూత తీసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. షాపుకు తిరిగొచ్చి, "మీ పేరు వినబట్టి ఆగానండీ," అంది. నరహరి గారు సరైన సీసా ఆమె చేతిలో పెట్టి, పిల్ల అరికాలు నిమిరారు.

ఆ తర్వాత చాలామంది ఎదుటి షాపుకు మళ్లారు. మానకుండా వచ్చినవాళ్లు సైతం సీసాను తిప్పితిప్పి చూసుకునేవారు. "చూసుకోండి, చూసుకోవాల్సిందే," అనేవారు నరహరి గారు, తల వంచుకుని.

చలమయ్య నిట్టూర్చాడు. "అన్నేళ్ల పేరు ఒక్క పూటలో పోయిందన్నమాట."

"పోవడమేమిటి నాయనా," అన్నారు పరదేశయ్య గారు. "ఆ పూటే కదా అక్కరకొచ్చింది."